రజోనివృత్తికి మూలికల తేనీరు చికిత్స కాదు

ముట్లుడిగే వయసులో కలిగే బాధలన్నిటినీ పోగొడతాయంటూ రకరకాల మూలికా తేనీళ్లు ఇప్పుడు ఇళ్లకు చేరుతున్నాయి. మీ వంటింటిలోనూ అటువంటి డబ్బా ఒకటి ఉండవచ్చు. సోంపు నీళ్లో, తులసి తేనీరో రుచికోసం తాగేవారిని వారించవలసిన పని వైద్యుడికి లేదు. దానిని చికిత్సగా అమ్మటంపైననే నా అభ్యంతరం.

అండాశయాలలో అండాల నిల్వ తరిగి, ఎస్ట్రొజెన్ స్రావం పడిపోవటం వలన ఋతుస్రావం ఆగిపోతుంది. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే దానిని రజోనివృత్తిగా పరిగణిస్తాం. ఎస్ట్రొజెన్ తగ్గినపుడు మెదడులోని హైపోథలమస్‌లో ఉష్ణోగ్రతను నియంత్రించే వ్యవస్థ అతిసున్నితమవుతుంది. శరీరపు వేడి ఏ కొంచెం పెరిగినా అది చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి చెమట పట్టిస్తుంది. మీరు వేడి ఆవిర్లు అనేవి ఇవే. వేడి పానీయాలు చాలామందిలో ఈ ఆవిర్లను రేపుతాయి. వాటిని చల్లార్చటానికి పొగలు కక్కే తేనీరు తాగమనటంలోని వింత అమ్మేవారికి తోచినట్లు లేదు!

ఇవి వేల ఏళ్ల మన సంప్రదాయమని ప్రచారం చేస్తారు. వీటిలో పేరుమోసిన బ్లాక్ కోహాష్ ఉత్తర అమెరికా అడవులలో పెరిగే మొక్క. మన ఆయుర్వేదంతో దానికి ఏ సంబంధమూ లేదు. 2006లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో 351 మంది స్త్రీలను ఏడాదిపాటు పరిశీలించారు. వేడి ఆవిర్లను తగ్గించటంలో బ్లాక్ కోహాష్‌కూ, ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఎస్ట్రొజెన్ తీసుకున్నవారికి మాత్రం స్పష్టమైన ఉపశమనం కలిగింది. 2003లో 252 మందిపై పరీక్షించిన రెడ్ క్లోవర్, 1997లో 71 మందిపై పరీక్షించిన చైనా మూలిక డాంగ్ క్వాయ్ కూడా అలాగే తేలిపోయాయి. ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలోనూ చాలామందికి బాధ తగ్గటం ఇటువంటి పరీక్షలలో మామూలే. నమ్మకం కొంత పని చేస్తుంది, కాలం మరికొంత చేస్తుంది. అందుకే పొరుగింటి ఆవిడకు తేనీటితో నయమయిందన్న మాట రుజువు కాజాలదు. పైగా ఆ పరీక్షలలో వాడినవి కొలిచి చేసిన మాత్రలు. మీరు వేడినీటిలో ముంచే సంచిలోనుంచి మూలిక ఎంత దిగుతుందో ఎవరు కొలిచారు?

ప్రకృతిసిద్ధం గనుక హాని లేదంటారు. ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతిసిద్ధమే. బ్లాక్ కోహాష్ వలన, అశ్వగంధ వలన కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. తీపికోసం కలిపే అతిమధురం ఎక్కువగా పడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాసియం తగ్గుతుంది. ఈ వయసులో ఎందరు రక్తపోటు మాత్రలు వాడుతున్నారో ఆలోచించండి. డాంగ్ క్వాయ్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారి తీయవచ్చు.

ఋతుదోషాలను సరిచేస్తామని మందులకు ప్రకటనలివ్వటాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. డబ్బాపై మందు అని కాక తేనీరు అని రాసుకుని, మందు చేసే వాగ్దానాలన్నీ చేయటం ఆ చట్టాన్ని వెక్కిరించటమే.

డబ్బు పోవటం చిన్న నష్టం. కాలం పోవటం పెద్ద నష్టం. ముట్లు ఆగి నాలుగేళ్లయిన యాభై ఆరేళ్ల స్త్రీ ఒకామె అప్పుడప్పుడూ కనిపించే రక్తపు మరకలకు ఎనిమిది నెలలు మూలికా కషాయాలు తాగి, ఆ తర్వాత నా వద్దకు వచ్చింది. అది గర్భాశయపు లోపొరలో పుట్టిన క్యాన్సరు. రజోనివృత్తి తర్వాత కనిపించే రక్తస్రావం చుక్కయినా సరే, పరీక్ష జరగవలసిందే. సుమారు పదిమందిలో ఒకరికి దాని వెనుక క్యాన్సరు ఉంటుంది. తొలిదశలో పట్టుకుంటే చాలామందిలో శస్త్రచికిత్సతో నయమవుతుంది. అలాగే రాత్రి చెమటలన్నీ రజోనివృత్తివే కావు. క్షయవ్యాధిలో రాత్రి చెమటలు పడతాయి. థైరాయిడ్ అధికంగా పనిచేసినా, మధుమేహపు మందులతో రక్తంలో చక్కెర పడిపోయినా చెమటలు పడతాయి.

మా వృత్తివారికీ ఇందులో వాటా ఉంది. “ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా, ఓర్చుకో” అని రెండు నిమిషాలలో పంపివేసే వైద్యుడే ఆమెను తేనీటి వ్యాపారికి అప్పగిస్తున్నాడు. 2002లో అమెరికాలో హార్మోన్ల పరీక్షను రొమ్ము క్యాన్సరు భయంతో మధ్యలో ఆపివేసిన తర్వాత వైద్యులు కూడా ఆ మందులంటే బెదిరిపోయారు. ఆ పరీక్షలో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్లన్నది మరిచారు. అరవై లోపు వయసులో, ముట్లుడిగి పదేళ్లు దాటనివారిలో, బాధ తీవ్రంగా ఉంటే హార్మోన్ల వలన సాధారణంగా కీడుకంటె మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సరు, రక్తనాళాలలో గడ్డలు, కాలేయవ్యాధి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి అవి తగవు. వారికి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి వేరే మందులున్నాయి. యోని పొడిబారటానికి, మాటిమాటికీ వచ్చే మూత్రపు మంటకు ఎస్ట్రొజెన్ లేపనం చక్కగా పనిచేస్తుంది. ఈ బాధను మన స్త్రీలు నోటితో చెప్పరు, వైద్యులు అడగరు.

గర్భాశయం తొలగింపులు దేశంలో అత్యధికంగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ముప్పై అయిదేళ్లకే అండాశయాలు కూడా తీయించుకున్న స్త్రీకి రజోనివృత్తి రాత్రికి రాత్రే వస్తుంది. ఆమె ఎముకలకూ గుండెకూ హార్మోను రక్షణ కావాలి. సాధారణంగా రజోనివృత్తి వచ్చే వయసు వరకైనా దానిని ఇవ్వవలసి ఉంటుంది. అది ఏ తేనీటిలోనూ దొరకదు. మీ ఇంట్లో అటువంటివారుంటే, శస్త్రచికిత్స పత్రాలతోపాటు తాగుతున్న డబ్బా కూడా పట్టుకుని ఈ వారమే స్త్రీవైద్య నిపుణులను కలవండి. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది ఆ పత్రాలలో చూపించి అడగండి.