పురిటికి ఒడ్డెక్కే తాబేలు

పిల్లలూ! ఈ నెల మనం సముద్రపు ఒడ్డుకు పోదాం. పగలు కాదు, రాత్రి. శ్రీకాకుళం జిల్లావాళ్ళకు బారువ, భావనపాడు, కళింగపట్నం ఉండనే ఉన్నాయి. విజయనగరంవాళ్ళు చింతపల్లి ఒడ్డుకు పోవచ్చు. సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి ఏప్రిల్ దాకా ఈ ఇసుకమీదికి ఒక అతిథి వస్తూ ఉంటుంది. దీపం వెలిగించకుండా, చప్పుడు చేయకుండా, దూరంగా కూచుంటేనే కనిపిస్తుంది.

అది సముద్రపు తాబేలు. ప్రపంచంలో ఉన్న ఏడు రకాల సముద్రపు తాబేళ్ళలో మన తీరానికి ఎక్కువగా వచ్చేదాన్ని ఆలివ్ రిడ్లీ అంటారు. బరువు రమారమి 40 కిలోలు. నీళ్ళలో పక్షిలాగా తేలిపోయే ఈ జంతువు ఒడ్డెక్కితే చూడలేం, పాపం! తెడ్లవంటి కాళ్ళతో ఇసుకను తోసుకుంటూ, మాటిమాటికీ ఆగి రొప్పుతూ పైకి వస్తుంది. అలలు అందని చోటు చూసుకుని, వెనకకాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. అందులో నూరు, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. పైన ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి, దిమ్మిసతో కొట్టినట్టు చదును చేసి, ఇంచుమించు గంటలో సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గుడ్ల మొహం చూడదు.

ఆ సమయంలో దాని కళ్ళవెంట నీళ్ళు కారుతూ ఉంటాయి. పిల్లలను వదలలేక ఏడుస్తున్నదని కొందరంటారు. నిజానికి ఒంట్లో చేరిన ఉప్పును అది కళ్ళదగ్గర ఉన్న గ్రంథులగుండా బయటికి పంపుతుంది. నీళ్ళలో ఉన్నప్పుడు కూడా ఆ కన్నీరు కారుతూనే ఉంటుంది. మనకు కనపడదు, అంతే.

ఇక అసలు ప్రశ్న. సముద్రంలో తిని, సముద్రంలో నిద్రపోయే ఈ తాబేలుకు గుడ్లు పెట్టటానికి మాత్రం ఇంత అవస్థ ఎందుకు? చేపలలాగా నీళ్ళలోనే పెట్టరాదూ?

పెడితే గుడ్డు మునిగి చచ్చిపోతుంది. గుడ్డు మునగటమేమిటని నవ్వకండి! ఆ గుడ్డులో పెరిగే పిల్లకు గాలి కావాలి. మెత్తని తోలువంటి పెంకులో ఉన్న సన్నని రంధ్రాలగుండా, ఇసుకరేణువుల మధ్య ఉన్న గాలి లోపలికి పోతుంది. నీళ్ళలో నానితే ఆ దారి మూసుకుపోతుంది.

దీనికి సరిగ్గా ఎదురు కథ కప్పది. కప్ప గట్టుమీద గెంతుతుంది, గాలి పీలుస్తుంది, పురుగులను తింటుంది. కాని తొలకరి పడగానే చెరువులోనో, వరిమడిలోనో దిగి బెకబెకమంటూ గోల చేసి, గుడ్లు నీళ్ళలోనే పెడుతుంది. వాటికి పెంకు లేదు. సగ్గుబియ్యం జావలాగా ఉంటాయి. ఎండ తగిలితే గంటలో ఎండిపోతాయి. చెట్టుకప్ప ఒక యుక్తి చేస్తుంది. నీటిపైకి వంగిన ఆకుమీద నురుగుతో గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. అయినా చివరకు తోకకప్పలు నీళ్ళలో పడవలసిందే.

నీళ్ళలో బతికేది కాన్పుకు నేలకూ, నేలమీద బతికేది కాన్పుకు నీళ్ళకూ పోవటం ఏమి చోద్యం? ఇద్దరూ పుట్టింటికే పోతున్నారు!

వెన్నెముక గల జంతువుల మొదటి ఇల్లు నీరే. చేపలనుంచే మిగిలినవన్నీ వచ్చాయి. సంతలో గంపలో పెట్టిన కొర్రమీను నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతికి ఉంటుంది, చూశారా? అది గాలి పీల్చగల చేప. మన పూర్వీకురాలు కాదనుకోండి. కాని చేపకు గాలితో పని పడటం అసాధ్యం కాదని దానివల్ల తెలుస్తుంది. అసలు పూర్వీకుల చుట్టం ఒకటి 2004లో దొరికింది. కెనడాదేశపు ఉత్తరపు కొసన, ఎల్స్‌మియర్ దీవిలో, నీల్ షూబిన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఒక శిలాజం చూశారు. వయస్సు 37.5 కోట్ల సంవత్సరాలు. పొలుసులూ, ఈదే రెక్కలూ చేపవే. కాని దానికి మెడ ఉంది. రెక్కలోపల మోచెయ్యి, మణికట్టు వంటి ఎముకలున్నాయి! దానికి టిక్టాలిక్ అని పేరు పెట్టారు.

మీ చెయ్యి తడిమి చూసుకోండి. భుజంనుంచి మోచేతిదాకా ఒక ఎముక, అక్కడినుంచి రెండు, ఆపైన చిన్నవి అనేకం. ఇంట్లో బల్లి కాలూ, గబ్బిలం రెక్కా, మన తాబేలు తెడ్డూ అన్నీ ఇదే లెక్క. పాము కాళ్ళు పోగొట్టుకున్నది గాని, కొండచిలువకు తోక మొదట్లో వెనకకాళ్ళ గుర్తులుగా చిన్న గోళ్ళు ఈనాటికీ ఉన్నాయి.

కాళ్ళు వచ్చి గట్టెక్కినా కాన్పుకు మాత్రం నీళ్ళకు పోక తప్పలేదు. కప్ప అక్కడే ఆగిపోయింది. 30 కోట్ల సంవత్సరాలకు పూర్వమే కొన్ని జంతువులు ఈ చిక్కు విప్పుకున్నాయి. నీటికి పోవటం మాని, నీటినే గుడ్డులో పెట్టుకున్నాయి! పిల్ల చుట్టూ ఒక సంచి, సంచినిండా నీరు, పైన పెంకు. అంటే ప్రతి గుడ్డూ మూతవేసిన ఒక బుల్లి చెరువు. ఇక ఎడారికి పోయినా ఫరవా లేదు. బల్లులు, పాములు, మొసళ్ళు, రాక్షసిబల్లులు, వాటి వంశంలో పుట్టిన పక్షులు, అన్నీ ఈ చెరువులో పెరిగినవే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్లమీద ఏటా గూడకొంగలూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడతాయి. పెంకు గట్టిపడింది గనుక చెరువును చెట్టెక్కించాయి! ఆ ఊరివాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలలాగా చూసుకుంటారు.

మరి మనమో? అమ్మ కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉంటుందని పెద్దవాళ్ళు అనుకోగా మీరు వినే ఉంటారు. ఆ ఉమ్మనీటి సంచి కూడా ఇదే. పెంకు పోయింది, చెరువు మిగిలింది.

ఇప్పుడు తాబేలు సంగతి తేలిపోయింది. దాని పూర్వీకులు నేలమీద కాపురం చేసి, నేలగుడ్డు నేర్చుకుని, 10 కోట్ల ఏళ్ళకు పూర్వమే మళ్ళీ సముద్రంలో దిగారు. కాళ్ళు తెడ్లుగా మారాయి గాని గుడ్డు మారలేదు. తిమింగలం కూడా ఇలా నేలనుంచి నీళ్ళకు పోయినదే. జమ్మూ-కాశ్మీరులో కాలాకోట్ దగ్గర ఎ. రంగారావుగారు సేకరించిన ఇండోహ్యూస్ అనే పిల్లి అంత జంతువు ఎముకలు దాని చుట్టరికాన్ని బయటపెట్టాయి; ఆ సంగతి 2007లో ప్రకటించారు. తిమింగలం పిల్లలను కనే జంతువు గనుక ఒడ్డెక్కే పని లేదు.

తాబేలుకు మొప్పలు కూడా లేవు. గాలికోసం పైకి రావాలి. చేపలకోసం, రొయ్యలకోసం లాగే ట్రాలు వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మనిషిలాగే ఊపిరాడక చనిపోతుంది. గుడ్లు పెట్టే కాలంలో మన ఒడ్డుకు తాబేళ్ళ శవాలు కొట్టుకురావటానికి ముఖ్య కారణం ఇదే. వలలో ఒక ఇనుపచువ్వల చట్రం, దానిపక్కన ఒక తలుపు అమర్చితే రొయ్యలు చువ్వల సందులగుండా లోపలికి పోతాయి, తాబేలు తలుపు తోసుకుని బయటపడుతుంది. కొంత చేప కూడా పోతుందని జాలరులు బాధపడతారు. వాళ్ళ కడుపు సంగతి కూడా చూడాలి గదా!

ఇసుకలో మరొక తమాషా ఉంది. గుడ్డులో పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది వేడి. సుమారు 30 డిగ్రీలకన్న చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ. భూమి వేడెక్కుతున్నకొద్దీ మగతాబేళ్ళు తగ్గిపోతాయేమోనని శాస్త్రజ్ఞుల దిగులు.

కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖవారు గుడ్లను ఏరి, కంచె వేసిన చోట తిరిగి పాతిపెడతారు. పెట్టిన కొద్ది గంటలలోనే, తలకిందులు కాకుండా మార్చాలి. ఆలస్యమైతే లోపలి పిండం చచ్చిపోతుంది. ఇంచుమించు 50 రోజులకు పిల్లలు ఇసుక తోసుకుని, సాధారణంగా రాత్రివేళ, పైకి వస్తాయి. ఎటు వెలుతురుగా ఉంటే అటే సముద్రమని వాటి నమ్మకం. ఒడ్డున కరెంటు దీపాలుంటే పాపం ఊళ్ళోకి నడుస్తాయి.

వాటిని వదిలేవారు నీళ్ళలో వేయరు. కాస్త ఎగువన ఇసుకమీద వదిలి, నడవనిస్తారు. అరచేతిలో పట్టేటంత బుల్లి తాబేళ్ళు పడుతూ లేస్తూ అలదాకా పోతాయి. తాము పుట్టిన తీరపు గుర్తును, భూమికి ఉన్న అయస్కాంతశక్తితో సహా, అవి ఆ తొలిరోజులలోనే పట్టుకుంటాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. బతికి బట్టకట్టిన ఆడపిల్ల పదీ పదిహేనేళ్ళకు పెద్దదై, ఒక రాత్రి మళ్ళీ ఈ తీరానికే వస్తుంది.