ఆ గది ఎక్కడో గోడ మీద రాయండి

మా ఊళ్లో బెల్టు షాపు ఎక్కడంటే బడిపిల్లాడు కూడా చెబుతాడు. తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగు ఎక్కడంటే మాత్రం ఆసుపత్రి ఓపీ కౌంటర్లో కూడా ఎవరికీ తెలియదు. అన్నయ్య కోసం అడుగుతూ తిరిగితే చివరికి ఒక ఆటో డ్రైవర్ చెప్పాడు. ఆయనా అక్కడికి వెళ్లి మానినవాడే.

చర్చి వెనక చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరికే అర్హత. 1935లో అమెరికాలో తాగుడుకు బానిసలైన ఒక స్టాక్ బ్రోకరూ ఒక డాక్టరూ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి ఇది. పొద్దున్నే చేతులు వణికి తాపీ పట్టుకోలేకపోయేవాడినని ఓ మేస్త్రి చెబుతుంటే, డాక్టర్ల ముందు నోరు విప్పని అన్నయ్య తలెత్తి, "నాకూ అంతే" అన్నాడు.

అయితే ఏళ్లుగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవాల్సిందే.

మద్యం మీద ఇంత ఆదాయం తీసుకునే ప్రభుత్వం ప్రతి పీహెచ్‌సీ గోడ మీద, ప్రతి వైన్ షాపు ముందు మీటింగు చోటు, వేళ పెద్ద అక్షరాలతో రాయించాలి. కింద ఉచిత హెల్ప్‌లైన్ 14446 వేయాలి. కుటుంబాల కోసం నడిచే ఆలనాన్ వివరాలూ ఉండాలి. అలాంటిదొకటి ఉందని మా వదినకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.