గాలానికి గుచ్చిన గాయం

చదువుకున్న ఆడవాళ్ళకి ఈమధ్య అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. లింక్డ్‌ఇన్‌లో రాయండి, మొదటి వాక్యం బలంగా ఉండాలి అని. బలం అంటే ఏమిటని అడిగితే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: మీ బాధతో మొదలుపెట్టండి.

దీనికి సాంకేతిక కారణం లేకపోలేదు. అక్కడ ఎంత పెద్ద పోస్టు రాసినా ముందు కనిపించేది రెండు మూడు లైన్లే. మిగతాది 'మోర్' అన్న చిన్న మాట వెనక దాక్కుంటుంది. ఆ మాటని నొక్కించడమే మొదటి వాక్యం పని. చదివేవాళ్ళు ఒక పోస్టు దగ్గర ఎంతసేపు ఆగుతారో కూడా లెక్కలోకి తీసుకుంటున్నామని 2020లో ఆ సంస్థ ఇంజనీర్లే రాశారు. అలా ఆపే వాక్యానికి 'హుక్' అని పేరు. మన మాటలో గాలం. గాలానికి ఎర కావాలి కదా! ఆడవాళ్ళ దగ్గర చవగ్గా దొరికే ఎర ఏమిటో ఈ సలహాదారులకు బాగా తెలుసు.

పరిశోధక విద్యార్థినుల కోసం పెట్టిన ఒక శిక్షణా తరగతిలో నేనూ కూర్చున్నాను. తిరగలి పాటల మీద పనిచేస్తున్న అమ్మాయి, "తిరగళ్ళు మూలపడ్డాయి, వాటి పాటలు మాత్రం పెళ్ళిళ్ళలో పసుపు కొట్టే రోజుకి వలసపోయాయి" అని రాసింది. మిగతాది వెంటనే చదవాలనిపించింది నాకు. శిక్షకుడు మాత్రం "ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నాడు. పది నిమిషాల్లో ఆ వాక్యం "పెళ్ళయిన ఆర్నెల్లకే చదువు మానెయ్యమన్నారు. ఇవాళ నేను పరిశోధకురాలిని" అని మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాటలు ఆరో పేరాలోకి వెళ్ళిపోయాయి.

నువ్వెక్కడున్నావు అన్న ప్రశ్న నిజానికి మనదే. తటస్థంగా నటించే పాండిత్యాన్ని నిలదీయడానికి, రాసేవాళ్ళ కులం, వర్గం, జెండర్ ఏమిటో చెప్పమనడానికి స్త్రీవాద విమర్శ వేసిన ప్రశ్న. దాన్నిప్పుడు ఉద్యోగాల అంగడికి తీసుకెళ్ళి, పరిశోధన కంటే పరిశోధకురాలి కన్నీళ్ళకే గిరాకీ ఎక్కువని చెప్పడానికి వాడుతున్నారు. 'వ్యక్తిగతమే రాజకీయం' అన్నదాంట్లోంచి రాజకీయాన్ని తీసేసి మొదటి సగాన్ని మనకే తిరిగి అమ్ముతున్నారు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ జీవితాలు చెప్పుకున్నారు. అక్కడా బాధ ఉంది, తక్కువేం కాదు. కానీ ఆ బాధ ఉద్యమాన్నీ, కుటుంబాన్నీ, చరిత్ర రాసినవాళ్ళనీ ప్రశ్నించింది. పోరాటం ఆగిపోయాక మళ్ళీ ఇంటిదారి పట్టమన్న తీరు మీద ఆ గొంతుల్లో అసంతృప్తి ఇంకా ఆరలేదు. 'ఇవాళ నేను గెలిచాను' అని ముగించడానికి వీల్లేని కథలవి.

లింక్డ్‌ఇన్‌కి కావలసింది మానిపోయిన గాయం. మచ్చ చూపించొచ్చు, రక్తం కనిపించకూడదు. ఎందుకంటే అక్కడ చదివేది స్నేహితురాళ్ళొక్కరే కాదు, రేపు ఉద్యోగం ఇవ్వాల్సినవాళ్ళు కూడా. గెస్ట్ లెక్చరర్‌గా పనిచేస్తున్న మనిషి 'నాకు నాలుగు నెలలుగా జీతం రాలేదు' అని పోస్టు మొదలుపెట్టగలదా? అంతకంటే బలమైన మొదటి వాక్యం నాకు తట్టడం లేదు. సంతకం కోసం నెలల తరబడి తిప్పుకున్న గైడు గురించి, ఇంటర్వ్యూలో ఇంటిపేరు దగ్గర ఆగి మరీ ఆరా తీసిన పెద్దమనిషి గురించి రాయగలదా? వాళ్ళింకా ఆ కుర్చీల్లోనే ఉన్నారు కాబట్టి ఇవన్నీ 'నెగటివ్' అయిపోతాయి. అత్తగారి మీద రాయొచ్చు. యాజమాన్యం మీద రాయకూడదు.

2025 నవంబర్‌లో కొందరు స్త్రీలు అదే వేదిక మీద తమ ప్రొఫైల్లో జెండర్‌ని పురుషుడిగా మార్చి చూశారు. తమ పోస్టులు ఎక్కువమందికి చేరాయని చాలామంది చెప్పారు. పోస్టులకు వరస ఇవ్వడంలో జెండర్‌ని వాడటం లేదని సంస్థ అంది. లెక్కల పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది కనక బయటినుంచి తేల్చడం కష్టం. నన్ను ఆపింది ఇంకో సంగతి. కొందరు జెండర్‌తోపాటు వాక్యాల్ని కూడా మార్చుకున్నారు, దూకుడుగా, మగవాళ్ళు రాసినట్టు. అంటే ఏడ్చే ఆడగొంతు, గొప్పలు చెప్పే మగగొంతు, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలన్నమాట!

మొదటి వాక్యం మీద శ్రద్ధ పెట్టడం తప్పా అని అడగొచ్చు. ఎందుకు తప్పవుతుంది? హరిదాసుకి కూడా ముందు జనాన్ని కూర్చోబెట్టడం తెలియాలి. అయితే ఆయన కూర్చోబెట్టాక కథ చెప్తాడు. అవసరమైన చోట సొంత బాధ రాయొద్దని కూడా నేననను. తిరగలి పాటల మీద రాస్తున్న మనిషి చదువు ఎలా సాగిందన్నది ఆ పాటలకి సంబంధించిన సంగతైతే అది అక్కడే, దాని చోటులో వస్తుంది. తలుపు దగ్గరే టిక్కెట్టులా చూపించాల్సిన పని లేదు.

సలహా కోసం వచ్చే అమ్మాయిలకి నేను చెప్పేది, ఏం కనిపెట్టావో ముందు అది రాయమని. ఏ ఊళ్ళో విన్నావు, ఎవరు పాడారు, ఇంతకుముందు రాసినవాళ్ళు ఏం వదిలేశారు. ఇలా రాస్తే లైకులు తగ్గుతాయి. బతుకమ్మ పాటల మీద ఒకమ్మాయి ఇలాగే మొదలుపెట్టి రాస్తే పట్టుమని పది మంది స్పందించలేదు. వాళ్ళలో ఒకావిడ మాత్రం, ఆ పాటకి తమ ఊళ్ళో ఇంకో చరణం ఉందనీ, తమ పెద్దమ్మకి అది వచ్చనీ రాసింది.