ఓర్పు ఎవరికి బోధింపవలయును?

ఏథెన్సు నగరమున సుమారు క్రీ. పూ. 300 ప్రాంతమున జీనో స్థాపించిన స్టోయికు దర్శనము నేఁడు మన యిండ్లలోనికి వచ్చినది. ఆఫీసులలో దానిమీఁద నుపన్యాసములు, చేతిఫోనులలో దాని సూక్తులు. మన వశమున నున్నవి కొన్ని, లేనివి కొన్ని. ఉన్నవానిని సరిదిద్దుకొనవలయును, లేనివానికై వగవరాదు అనునది దాని ముఖ్యసూత్రము. ఈ సూత్రముతో మాకు వివాదము లేదు. మనవారు దానిని వాడుచున్న తీరుతోనే మా వివాదము.

ఆ తీరెట్టిదో చూడుఁడు. కట్నపు మాట వచ్చినప్పుడు వరుని తండ్రి "లోకాచారము మన చేతిలో నున్నదా?" యని చెయ్యి చాఁచును. కోడలు కన్నీరు పెట్టుకొన్నప్పుడు అత్తవారు "ఓర్చుకోవమ్మా, ఓర్పులోనే శాంతి యున్నది" అని బోధింతురు. జీతము చాలదన్న పనిమనిషికి ఇల్లాలు తృప్తినిగూర్చి చెప్పును. ఇదివఱకు ఈ పనికిఁ గర్మసిద్ధాంత మొక్కటియే చాలెడిది. ఇప్పుడు దానికిఁ దోడుగా గ్రీకువారినిఁ గూడఁ దెచ్చుకొనిరి.

ఈ సూత్రమును విశదముగా బోధించిన ఎపిక్టెటసు బానిసగాఁ బెరిగినవాఁడు. యజమానుఁడు దేహమును బంధింపఁగలఁడు గాని సంకల్పమును బంధింపలేఁడని యాయన బోధ. బానిస తనకుఁ దాను చెప్పుకొన్న ధైర్యవచనమును యజమానుఁడు బానిసకుఁ జెప్పినచో నది దర్శన మగునా? సంకెళ్లకు మెఱుఁగు పెట్టుట యగును. 161 మొదలు 180 వఱకు రోము నేలిన మార్కసు ఆరీలియసు తన గ్రంథమును దన కొఱకే వ్రాసికొనెను. ప్రజల నోరు మూయుటకుఁ గాదు. తన కోపమును, తన గర్వమును అదుపులో నుంచుకొనుటకు.

స్టోయికులు అన్యాయమునకుఁ దల యొగ్గిరనుట చరిత్ర యెఱుఁగని మాట. ఎపిక్టెటసు గురువగు ముసోనియసు రూఫసును నీరో చక్రవర్తి క్రీ. శ. 65లో దేశమునుండి వెడలఁగొట్టెను. హెల్విడియసు ప్రిస్కసు వెస్పాసియను చక్రవర్తి నెదిరించి మాటాడి ప్రాణములు గోల్పోయెను. చంపుట చక్రవర్తి చేతిలో నున్నది. సత్యము పలుకుట తన చేతిలో నున్నది. ఆయన యెఱిఁగిన విభాగ మిది. ముసోనియసు మఱియొక మాట చెప్పెను. స్త్రీలకును పురుషులకును బుద్ధి యొక్కటియే కావునఁ గుమార్తెలకును ధర్మవిద్య నేర్పవలయును. భర్త కొక నీతి, భార్య కొక నీతి లేదు. మేము విన్న యుపన్యాసములలో నీ మాట మాత్రము వినఁబడలేదు.

ఆ దర్శనమున లోపము లేదా? కలదు. బానిసలను మనుష్యులుగాఁ జూడవలయునని సెనెకా వ్రాసెను గాని బానిసత్వమును దొలఁగింపవలయునని వ్రాయలేదు. వారి కొఱఁతనే మనవారు గుణముగా నెంచి యనుసరించుచున్నారు. ఇది మన స్థితప్రజ్ఞుని మార్గమే కదా యని కొందఱందురు. కావచ్చును. కాని స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పఁబడినది రణరంగమున. చెప్పినది కర్తవ్యము విడుచుటకుఁ గాదు.

వరకట్నమును 1961వ సంవత్సరపు చట్టము నిషేధించినది. దేశమంతట దాని నమలు పఱచుట ఒక్క గృహస్థుని చేతిలో లేదు. ఊరివారి నోళ్లును అతని చేతిలో లేవు. కాని తన కుమారుని పెండ్లిలోఁ దన చెయ్యి చాఁచుటయో ముడుచుటయో అతని చేతిలోనే యున్నది. స్టోయికు సూత్రము ఇంత సులభము, ఇంత కఠినము. సెనెకా ప్రతిరాత్రియు దీప మార్పిన పిదప ఆ దినపుఁ దన నడవడిని విమర్శించుకొనెడివాఁడు. మన గృహస్థులును అట్లే తమ్ము దా మడుగుకొందురు గాక: నా వశమున నున్న యే న్యాయమును నేఁడు వశమున లేదని తప్పించుకొంటిని?

ఓర్పు మంచిదే. ఎవరికి వారు దానిని నేర్చుకొనవలయును. ఎదుటివారికి మనము ఇయ్యవలసినది ఓర్పు కాదు, న్యాయము.