ఒక్క ట్రాలీకి సరిపడు సంసారము



పాతబస్తీలో ఇల్లు మారడమంటే ఏమిటో పల్లెలలో ఉన్నవారికి కొంచెము చెప్పాలి. మీ ఊళ్లలో అది జీవితములో ఒకసారో రెండుసార్లో జరిగే పని. ఇక్కడ అద్దెకు ఉండేవారికి రెండు మూడేండ్లకొకసారి తప్పదు. గల్లీలోనికి లారీ రాదు. ట్రాలీ ఆటో కూడ కొన్ని గల్లీల మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడినుండి బీరువా అయినా, బియ్యపు డ్రమ్ము అయినా మనుష్యుల భుజముల మీదనే పోవాలి. మలుపు దగ్గర బీరువా తిరగకపోతే ఎదురింటి సాయిబుగారు తలుపు తీసి, తన గుమ్మములో జానెడు చోటిస్తేనే అది కదులుతుంది.

సేవకుల బ్రతుకు బదిలీల బ్రతుకు గనుక మా కుటుంబము ఇప్పటికి ఏడు ఇండ్లు మారినది. ఒక ఇంటిలోనికి తెచ్చుకున్న సామాను, ఆ ఇల్లు విడిచే నాటికి ఎప్పుడూ పెరిగియే ఉంటుంది. ఎక్కడినుండి వచ్చినదని చూస్తే చాలవరకు కొన్నవి కావు. పెండ్లిళ్లలో పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు గిన్నెలు, గృహప్రవేశ ప్రార్థనకు వచ్చినవారు తెచ్చిన గోడ గడియారములు. ఒకే ఇంటిలో ఆరు గడియారములు అటక మీద అట్టపెట్టెలతోనే ఉండగా మేము చూశాము. ఇచ్చినవారు నొచ్చుకుంటారని ఎవరికీ ఇవ్వరు, గోడకు వ్రేలాడదీయరు.

అటక ఖాళీ చేయడానికి ఈ పట్నములో మంచి మార్గములే ఉన్నవి. పురానాపూల్ దగ్గర గురువారము నాడు జుమ్మేరాత్ బజారు సాగుతుంది. తిరగని ఫ్యాను, కాలు విరిగిన మంచము, పాత స్టవ్వు, తాళము లేని పెట్టె, దేనికైనా అక్కడ బేరమాడేవాడు ఉంటాడు. ఎంతో పోసి కొన్న వస్తువుకు అక్కడ ఎంత వస్తుందో ఒక్కసారి నిలబడి వింటే, మరుసటిసారి దుకాణములో చేయి జేబులోనికి పోయే ముందు కొంచెము ఆగుతుంది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే అక్కలు గల్లీలలోనికి వస్తారు. ఇదియు మంచిదే గాని, బట్టల మూట పోయి దాని స్థానములో ఇంకొక గిన్నె వస్తుంది! అందుచేత మా ఇంటివారు చిరుగు చీరెలను బొంత కుట్టించడమే మేలంటారు. పరుపు అణగిపోతే పారవేయనక్కరలేదు, దూది ఏకిస్తే మళ్లీ కొన్ని ఏండ్లు వస్తుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయిస్తే మనుమల కాలము దాక ఉంటవి. పగిలిన ప్లాస్టిక్కు బకెట్టును ఏమి చేసినా అది బకెట్టు కాదు.

సామాను సర్దేటప్పుడు మేము తరచుగా సంఖ్యాకాండము తెరుస్తాము. అరణ్యములో ఇశ్రాయేలీయులు గుడారములు ఎత్తి నడిచిన జనము గదా. ప్రత్యక్షగుడారమును మోయుటకు ఆరు బండ్లు, పండ్రెండు ఎద్దులు వచ్చినవి. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, బరువైన పలకలు, స్తంభములు మోసే మెరారీయులకు నాలుగు. కహాతీయులకు ఒక్క బండియు లేదు. పరిశుద్ధమైన వాటిని వారు భుజముల మీదనే మోయాలి. మేకులు, త్రాళ్లు సహితము పేరుపేరున లెక్కలో ఉన్నవి. మన ఇంటిలో ఎన్ని వస్తువులకు మనము పేరు చెప్పగలము? ఇల్లు మారే నెల ముందే ఇంటిల్లిపాది కూర్చుండి ఒక నోటుపుస్తకములో వ్రాయండి. వ్రాయుటకు జ్ఞాపకము రాని వస్తువు బండి ఎక్కవలసిన పని లేదు. పిల్లలచేత వ్రాయించండి, వారు మనకంటె కఠినముగా ఉంటారు.

అయితే ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పాలి. ఉన్నవాడు తగ్గించుకొనుట వేరు, లేనివాని చేతిలోనిది పోవుట వేరు. జుమ్మేరాత్ బజారు ప్రక్కనే ఉన్న పురానాపూల్ 1578లో కట్టిన వంతెన. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ నది ఒడ్డునున్న వేలాది కుటుంబములు కట్టుబట్టలతో మిగిలినవి. పదిహేను వేలమంది వరకు చనిపోయిరని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాబదిమంది బ్రతికిరని చెప్పుకుంటారు. ఆ చెట్టు కొమ్మ మీద ఎవరికి ఏమి సామాను ఉన్నది? ఆ తరువాత వరద రాకుండ 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు కట్టబడినవి.

2024లో అదే మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల కుటుంబములను ఖాళీ చేయించి డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లకు పంపించారు. ఆ పథకపు ఇల్లు 560 చదరపు అడుగులు. పక్కా గోడలు, నల్లా, కరెంటు ఉన్నవని సంతోషించినవారు ఉన్నారు. పని దూరమైనదని, పిల్లల బడి దూరమైనదని ఏడ్చినవారును ఉన్నారు. వారికి ‘తక్కువ సామానుతో బ్రతకండి’ అని ప్రసంగము చేయుటకు మాకు నోరు రాదు. ఒక ట్రాలీ నిండని సంసారములే అవి.

మాకు తెలిసిన ఒక విధవరాలైన అక్క అట్లు మారినవారిలో ఉన్నది. మిరపకాయ బజ్జీల బండి పెట్టుకొని ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది. బిందెలు, పెట్టె, బొంతలు ఒక్కసారిలోనే పోయినవి. మిగిలినది తోపుడుబండి. మేడమీది ఇంటికి అది ఎక్కదు, క్రింద పెడితే ఉంటుందన్న నమ్మకము లేదు. పాతసామాను వాడు ఇనుము తూకము లెక్కన కొంటానన్నాడు. దగ్గరివారు కూడ అమ్మివేయుమనే చెప్పారు. ద్వితీయోపదేశకాండములో అప్పిచ్చినవాడు కూడ పేదవాని ఇంటి తిరగలిని పట్టుకొనిపోకూడదన్న ఆజ్ఞ ఉన్నది గదా. తిరగలి పోతే ఆ ఇంట పిండి ఉండదు, బ్రతుకు ఉండదు. నోటుపుస్తకములో ఏది కొట్టివేసినా పర్వాలేదు గాని, అన్నము పెట్టే వస్తువు ముందు వరుసలో ఉండాలి. కుట్టుమిషను, తాపీ, రంపము, బజ్జీల బండి, ఇవి అటక సామాను కావు.

పల్లెలనుండి పిల్లలను పట్నమునకు పంపే తలిదండ్రులారా, పెట్టెలు నింపి పంపవద్దు. ఒక వంట గిన్నెల జత, ఒక పరుపు, పని నేర్చిన చేతికి దాని పనిముట్టు చాలును. తక్కినవి ఉండే చోటును బట్టి చూచుకుంటారు. సంఘములారా, గృహప్రవేశ ప్రార్థనకు గడియారము కొనుటకంటె, ఇల్లు మారే రోజున నలుగురు యౌవనస్థులను పంపితే ఆ ఇంటివారికి కూలి డబ్బులు మిగులుతవి. ఆ పూట పొయ్యి వెలగదు గనుక ఎవరైనా అన్నము, పప్పు తీసికొనిపోతే ఇంకా మంచిది. అప్పు చేసి బిర్యానీ పెట్టే ఇంటివారిని మాత్రము మేము ముందుగానే వారిస్తాము, టీ బిస్కట్లతో ప్రార్థన జరుగుతుంది.

ఆ అక్క బండిని ఎవరూ కొనలేదు. చాదర్‌ఘాట్‌లో సంఘస్థుల ఇల్లొకటి ఉన్నది, వారి మెట్ల క్రింద గొలుసు వేసి పెట్టుకోమన్నారు. మధ్యాహ్నము బస్సు దిగి, తాళము తీసి, సాయంత్రము వరకు బజ్జీలు వేసి, రాత్రి మళ్లీ గొలుసు వేసి వెళ్తున్నది.