నేల త్రాగని నీరు

ధ్యాన భాగములు: కీర్తన 126, 2 రాజులు 3:16-20, హెబ్రీ 6:7-8



ఎడారిలో జలపాతము ఉంటుందా? ఉంటుంది. కాని అది ఏడాదిలో కొద్ది గంటలే కనబడుతుంది. చెరలో ఉన్న తన జనులు తిరిగి రావాలని ప్రార్థించిన 126వ కీర్తనకారుడు దక్షిణదేశపు ఏరులను తలచుకున్నాడు. మన బైబిలులో దక్షిణదేశము అని ఉన్న చోట హెబ్రీ భాషలో నెగెబు అని ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలము అక్కడి ఏరులలో ఇసుక, రాళ్ళు తప్ప మరేమీ ఉండవు. ఒక్క వానకు అవే గట్లు తెంచుకొని పారుతాయి.

ఈ వింతను చూడడానికి యెరూషలేము నుండి ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంది. మృతసముద్రపు ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా లోతున ఉంది. అంటే గంటలోపు ప్రయాణములో దాదాపు 1,200 మీటర్లు క్రిందికి దిగిపోతాము. మంచి సమరయుని ఉపమానములో ఆ మనుష్యుడు యెరికోకు దిగి వెళ్ళినది ఈ కొండలలోనే. యెరూషలేములో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురములో పడేది కూడా ఇంచుమించు అంతే. మృతసముద్రపు ఒడ్డున 100 మిల్లీమీటర్లు కూడా పడదు.

చలికాలములో కొండలమీద గట్టి వాన పడిందని తెలిస్తే అక్కడివారు కుటుంబాలతో ఈ ఒడ్డుకు బయలుదేరుతారు. ప్రాచీన లేఖన ప్రతులు దొరికిన కుమ్రాను గుహల దగ్గర, నిన్నటి వరకు ఎండిన బండగా ఉన్న కొండ అంచునుండి, బురద రంగు నీరు హోరుమని దూకుతుంది. చూసేవారి నెత్తిన ఒక్క చినుకైనా పడి ఉండకపోవచ్చు. ఎలీషా దినములలో గాలి, వాన కనబడకుండానే ఎదోము దిక్కునుండి నీళ్ళు వచ్చి లోయ నిండిందని చదువుతాము గదా. ఆ దేశపు వరద నేటికీ అలాగే వస్తుంది. మరునాటికి బండల గుంటలలో కొంచెము నీరు మాత్రమే మిగులుతుంది.

ఇంత కొద్ది వానకు అంత జలపాతము ఎందుకు? ఆ కొండలమీద చెట్టు చేమ లేదు. మట్టి పలచన, రాయి ఎక్కువ. మొదటి చినుకులకే మట్టి పైపొర బిగిసిపోయి, తర్వాత పడిన నీటిని లోపలికి పోనివ్వదు. చూడడానికి ఎంతో అందముగా దూకే ఆ నీరు, నిజానికి నేల త్రాగని నీరు. అది ఎక్కడికి పోతుంది? చేప కూడా బ్రతకని మృతసముద్రములోకి.

ప్రియులారా, మన ఉజ్జీవ కూటములు ఇలా ఉన్నాయేమో ఆలోచించండి. మూడు రాత్రులు పందిరి నిండుతుంది. పాటలు, కన్నీళ్ళు, చేతులెత్తిన తీర్మానాలు ఉంటాయి. నాలుగవ నాడు పందిరి విప్పేసరికి గట్టు తగాదా మళ్ళీ మొదలు. అన్నదమ్ముల మధ్య మాటలుండవు. జీతము డబ్బు సారా కొట్టుకు చేరుతుంది. కురిసిన వాక్యము తక్కువ కాదు. మనము త్రాగినది తక్కువ. వానను లోపలికి ఇంకించుకొని పైరునిచ్చే నేలనే దేవుడు దీవిస్తాడని హెబ్రీ పత్రిక చెబుతుంది.

నేల త్రాగని నీరు వృథా కావడముతో ఆగదు. 2018 ఏప్రిల్ 26న మృతసముద్రానికి దగ్గరలోని సాఫీతు అనే వాగులో నడుస్తున్న పదిమంది యౌవనస్థులు వరదలో చనిపోయారు. ఆ దినము వరద హెచ్చరికలు ముందే వెలువడి ఉన్నాయి. అదే సంవత్సరము అక్టోబరు 25న ఎదుటి గట్టున, యొర్దాను దేశములో, విహారానికి వెళ్ళిన బడిపిల్లలను కూడా వరద ఈడ్చుకుపోయింది. ఇరవైమందికి పైగా మరణించారు. ఆ తల్లిదండ్రుల దుఃఖము మాటలకందదు. మన వంకలు పొర్లినప్పుడు కూడా పిల్లలను దాటనివ్వకండి. మోకాలి లోతే గదా అని సైకిలు దించకండి. మరొక మాట. పైన పెద్దలు త్రాగని వాక్యము, క్రింద ఉన్న పిల్లలకు దెబ్బ అవుతుంది. గుడిలో ఒకటి, ఇంటిలో ఒకటి చూసిన బిడ్డ విశ్వాసము కొట్టుకుపోతుంది.

అయితే ఆ ఎడారిలోనే వేరొక సాక్ష్యము ఉంది. బెయేర్షెబాకు నైరుతి దిక్కున షివ్తా అనే పాడుబడిన ఊరు ఉంది. సుమారు 1,500 ఏండ్ల క్రితము అది క్రైస్తవుల ఊరు. మూడు దేవాలయముల గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. అక్కడ ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్ల లోపే. అయినా వారు ద్రాక్షలు పండించారు. ఎలాగంటే, చుట్టూ మిట్టలనుండి కాలువలు తీసి ప్రతి చినుకును పొలాలకు, ఇంటి తొట్లకు, ఊరి నడుమ రెండు కోనేరులకు మళ్ళించారు. కోనేరు పూడిక తీయడానికి వంతు పని చేసినవారికి కుండ పెంకులమీద వ్రాసి ఇచ్చిన చీటీలు త్రవ్వకాలలో దొరికాయి. వాన దేవుడిచ్చాడు. పూడిక వారు తీసుకున్నారు.

ఎలీషా కూడా నీళ్ళు రాకముందే గుంటలు త్రవ్వమన్నాడు. మన ఇంటిలో ఆ గుంట ఏది? రాత్రి భోజనానికి ముందు పది నిమిషాల కుటుంబ ప్రార్థన. ఆదివారము విన్న ఒక్క మాటను బుధవారము పిల్లలచేత చెప్పించుకోవడము. పొరుగువానితో సమాధానపడడము, పూడిక తీయడము వంటిది. నడుము నొప్పి పుడుతుంది, కాని నీరు నిలుస్తుంది. 126వ కీర్తన కూడా ఏటి హోరుతో ముగియదు. కన్నీళ్ళతో విత్తనాలు మోసుకొని పొలానికి పోయే మనిషిని చూపి, పనలతో సంతోషముగా ఇంటికి వచ్చే దినాన్ని చూపి ముగుస్తుంది.

ఈ నెల మీ కుటుంబము ఒక్క గుంట త్రవ్వండి. నింపువాడు ప్రభువు. ఆయన కృప మీ గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.