అరుగు మీదికి వచ్చినవారికి బీరువా తాళాలా?

మా ఎడ్లపాడులో ఇంటికి వచ్చినవారిని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం. బీరువా తాళాలు మాత్రం చేతికివ్వం. అందుకు ఏ బంధువూ నొచ్చుకోడు. మరి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి ఎందుకు తలకిందులవుతోందో నాకు అర్థం కాదు.

రైతు ఇంట్లో కంప్యూటరు ఒక్కరి సొత్తు కాదు. పక్కింటి బాబాయి 'మీ భూమి'లో అడంగలు చూసుకోవాలంటాడు. ఎదురింటి పిల్లకి హాల్ టిక్కెట్టు కావాలి. కాదనే నోరు మనకుండదు, ఉండకూడదు కూడా. కానీ వారు కూర్చునేది నాన్న ఆధార్ కాపీ, పాసు పుస్తకం స్కాను, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు అన్నీ ఉన్న మన సొంత అకౌంటులో! బాబాయి మంచివాడే. ఆయన తెచ్చిన పెన్ డ్రైవు ఎన్ని నెట్ సెంటర్లు తిరిగిందో ఆయనకే తెలియదు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసి వచ్చినప్పుడే ఫెర్నాండో కోర్బటో బృందం మనిషికొక పాస్‌వర్డు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తన వంతు గంటలు చాలక ఆ పాస్‌వర్డుల జాబితానే అచ్చు తీయించుకున్నాడట. విద్యార్థి బుద్ధి ఎక్కడైనా ఒక్కటే!

విండోస్‌లో ఒకప్పుడు 'గెస్ట్' అకౌంటు ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి దాన్ని వాడుకోనివ్వటం లేదు గనుక మనమే 'స్టాండర్డ్' రకం అకౌంటు ఒకటి తెరవాలి. అందులోంచి మన ఫోల్డర్లు తెరుచుకోవు. (డి డ్రైవులో పడేసినవి మాత్రం మామూలుగా అందరికీ కనిపిస్తాయి, జాగ్రత్త.) యంత్రం మొత్తానికి సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు కావాలి. చాలామంది అతిథికి అకౌంటు తెరిచి, ఆ అడ్మినిస్ట్రేటరుకే పాస్‌వర్డు పెట్టరు. వసారాకి గడియ వేసి పడకగది బార్లా తెరిచినట్టుంటుంది!

అతిథి అకౌంటుకి కూడా పాస్‌వర్డు దేనికయ్యా అంటారు. ఇంటిల్లిపాదీ మిర్చి కోతకు వెళ్లినప్పుడు ఎవడో కూర్చుని మన నెట్టుతో ఎవరినో బెదిరిస్తే, పోలీసులు ముందు తట్టేది మన తలుపే. అడిగి తీసుకునే పాస్‌వర్డయితే ఎవరు ఎప్పుడు కూర్చున్నారో ఇంట్లో ఒకరికైనా తెలుస్తుంది. అది పొడుగ్గా ఉండాలి. కొండవీడు మా మండలంలోదే, చాంతాడు సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటిపేరు, ఫోను నంబరు పనికిరావు. పొంతన లేని నాలుగు మాటలు కలిపితే సరి.

'మమ్మల్ని నమ్మవా అబ్బాయ్?' అని బాబాయి అడిగితే అడగనీండి. ఆయన కాగితాలకూ కాపలా కావాలి. ఆయన దించుకున్న అడంగలు ఆ అకౌంటులోనే ఉండిపోతే తర్వాత కూర్చున్నవారి కంటబడుతుంది. ఆయన లేచి వెళ్లగానే డౌన్‌లోడ్లు ఖాళీ చేయటం మన పని.